ఉద్యోగం మానకుండా బెజవాడ, గుంటూరుల్లో రియల్ ఎస్టేట్ ఏజెంటుగా మొదలుపెట్టడం ఎలా?

బెజవాడలో గానీ గుంటూరులో గానీ నలుగురు కూర్చుంటే పది నిమిషాల్లో మాట గజం రేటు మీదికి వెళ్తుంది. పోరంకిలో ఎంత నడుస్తోంది, గోరంట్లలో ఎంత చెబుతున్నారు, కాజ దగ్గర బైపాస్ వచ్చాక ఎంత పెరిగింది అంటూ లెక్కలు మొదలవుతాయి. అందుకే ‘ఎలాగూ తెలిసిన విషయమే కదా, ఉద్యోగంతో పాటు ఇదీ చేస్తే నాలుగు డబ్బులు మిగులుతాయి’ అని చాలామందికి అనిపిస్తుంది. మిగులుతాయి కూడా. కానీ రేట్లు ఊళ్లో అందరూ చెబుతారు. ఒక ఇల్లు ఏ గొడవా లేకుండా ఒకరి పేరు మీది నుంచి ఇంకొకరి పేరు మీదికి మారేలా చూసేవాళ్లు తక్కువ. మీకు కమీషన్ వచ్చేది ఆ పనికే.

కొత్తవాళ్లని అందరికంటే ముందు పిలిచేది వెంచర్ల మార్కెటింగ్ మనుషులు. హోటల్లో మీటింగ్ పెట్టి, భోజనం పెట్టి, చేతిలో ఒక హోదా పెట్టి ‘మీ చుట్టాలు, స్నేహితుల పేర్లు ఒక లిస్టు రాయండి’ అంటారు. ఆ లిస్టు రాయకండి. ఆ వెంచర్‌కి అనుమతులు రాకపోతే కంపెనీ వాళ్లు ఫోన్ ఎత్తరు. మీరు మాత్రం మేనమామ కూతురి పెళ్లికి వెళ్లి అందరి మొహాలూ చూడాలి. దాని బదులు ఇంటికి దగ్గర్లో నాలుగు వీధులు ఎంచుకోండి. అద్దెలతో మొదలుపెట్టి, కాగితాలు చదవడం నేర్చుకుని, ఆ తర్వాత అమ్మకాల్లోకి రండి. కింద చెప్పేదంతా ఆ వరుసలోనే ఉంటుంది.

1. ముందు మీ ఉద్యోగం సంగతి చూసుకోండి

ప్రభుత్వ ఉద్యోగులైతే ఇక్కడే ఆగండి. ప్రవర్తనా నియమావళి ప్రకారం అనుమతి లేకుండా వేరే వ్యాపారం చేయకూడదు. మన దగ్గర స్థలాలు అమ్మిపెట్టే మాస్టార్లకు కొదవ లేదని అందరికీ తెలుసు. అందరూ చేస్తున్నారని చెబితే మెమో ఆగదు. భార్య పేరు మీద కార్డు కొట్టించి తిరిగేది మీరే అయితే అదీ తప్పే. ఆవిడే నిజంగా ఈ పని చేస్తానంటే మాత్రం భేషుగ్గా చేయొచ్చు, దానికి మీ ఆఫీసు నిబంధనలు ఏమంటున్నాయో ఒకసారి చూసుకోండి.

ప్రైవేటు ఉద్యోగులు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, వేరే పని చేయకూడదన్న షరతు ఉందేమో చదవండి. బ్యాంకుల్లో, హోమ్ లోన్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. లోన్ కోసం వచ్చిన కస్టమర్‌కి మీరే ఇల్లు చూపిస్తే ఉద్యోగానికే ముప్పు.

2. నాలుగు వీధులు పట్టుకోండి

‘విజయవాడ మొత్తం చేస్తాను’ అనేవాడికి ఏ వీధీ తెలియదు. మీకు వారంలో దొరికేది ఒక పూటో, ఒక రోజో. కాబట్టి బండి మీద ఇంటి నుంచి పదిహేను నిమిషాల్లో చేరే చోటు ఎంచుకోండి. పటమటలో ఉంటే పటమట, కానూరు. బ్రాడీపేటలో ఉంటే బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం. మంగళగిరిలో ఉంటే ఎయిమ్స్ దాకా ఉన్న కాలనీలు సరిపోతాయి.

తర్వాత నడవండి. బండి మీద తిరిగితే టులెట్ బోర్డులు తప్ప ఏమీ కనబడవు. నడిస్తే ఇస్త్రీ బండి దగ్గర ఆగొచ్చు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో రెండు మాటలు మాట్లాడొచ్చు. ఎవరి ఫ్లాటు ఖాళీ అవుతోందో, ఏ ఇంటి అన్నదమ్ములు పంచుకోవాలని చూస్తున్నారో అందరికంటే ముందు తెలిసేది వీళ్లకే. ఏదైనా కుదిరినప్పుడు వాళ్లకీ కొంత ఇవ్వండి. ఆ మాటా ముందే చెప్పండి.

ఒక నోటుబుక్కులో ప్రతి వీధికీ ఒక పేజీ పెట్టండి. రోడ్డు వెడల్పు ఎన్ని అడుగులు, మున్సిపల్ నీళ్లు ఎన్ని గంటలకి వస్తాయి, బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయా, కారు తిరుగుతుందా, అపార్ట్‌మెంట్ ఏ సంవత్సరంలో కట్టారు, నెలకి మెయింటెనెన్స్ ఎంత. బెజవాడలో ఇంకో ప్రశ్న తప్పనిసరి: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఇక్కడ నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి? సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక వైపు కొనేవాళ్లు ఇది అడగకుండా మీతో మాట పూర్తి చేయరు. నీళ్లు రాలేదని నోటికొచ్చినట్టు చెప్పకండి. గోడ మీద మరక ఎక్కడిదాకా ఉందో చూడండి, పక్కింటివాళ్లని అడగండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మొదటి అంతస్తులో ఉండేవాళ్లకీ, సెల్లార్‌లో కారు పెట్టుకునేవాళ్లకీ దీనికి జవాబు వేరువేరుగా ఉంటుంది.

కొలతలూ వేళ్ల మీద ఉండాలి. ఎకరానికి 100 సెంట్లు, 4,840 గజాలు. సెంటంటే 48.4 గజాలు, ఐదు సెంట్లంటే 242 గజాలు. ఊళ్లో పెద్దాయన సెంట్లలో చెబుతాడు, హైదరాబాద్ నుంచి వచ్చిన అబ్బాయి గజాల్లో అడుగుతాడు, బ్యాంకు చదరపు అడుగుల్లో రాసుకుంటుంది. మధ్యలో ఉన్న మీరు ఫోన్ తీసి లెక్క కట్టేదాకా వాళ్లు ఆగరు.

3. అద్దెలతో చేయి తిప్పుకోండి

అద్దె ఇల్లు కుదిర్చితే వచ్చేది మామూలుగా సగం నెల అద్దె నుంచి ఒక నెల అద్దె దాకా. చిన్న మొత్తమే. కానీ అద్దె బేరం వారంలో తేలిపోతుంది, అమ్మకం నెలల తరబడి నలుగుతుంది. అద్దెలు చేస్తే ఓనర్లు పరిచయం అవుతారు, తాళాలు మీ దగ్గర ఉంచుతారు. రేపు అమ్మాలనుకున్నప్పుడు మొదటి ఫోన్ మీకే వస్తుంది.

మన రెండు ఊళ్లలోనూ పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో స్థిరపడి, పెద్దవాళ్లు వాళ్ల దగ్గరికి వెళ్లిపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి ఓనర్‌కి కావలసింది నమ్మకంగా చూసుకునే మనిషి. కుళాయి కారుతోందంటే ప్లంబర్‌ని పంపి, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. దానికి డబ్బులు అడగకండి. అది ఏ ప్రకటన కంటే కూడా ఎక్కువ పని చేస్తుంది.

అద్దెకి వచ్చేవాళ్ల దగ్గర ఒక మొహమాటం ఉంది, అది ముందే దాటాలి. కొందరు ఓనర్లు బ్యాచిలర్లకి ఇవ్వమంటారు, కొందరు మాంసం వండకూడదంటారు, కొందరు కులం అడుగుతారు. ఓనర్ కోసమని కులం మాత్రం మీరు అడగొద్దు. అడగాల్సినవి ఉద్యోగం, ఇంట్లో ఎంతమంది, ఎన్నాళ్లు ఉంటారు. అగ్రిమెంట్ రాసుకునేదాకా తాళం ఇవ్వకండి. ఇచ్చే రోజున కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో ఇద్దరికీ పంపండి. నెల తర్వాత బిల్లు మీద గొడవ వస్తే ఆ ఫోటోనే తీర్పు.

4. కాగితాలు చదవడం నేర్చుకోండి

ఈ పనిలో అసలు చదువు ఇదే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి. లాయరు చూస్తాడు కదా అనుకోవద్దు. లాయరు దాకా వెళ్లాక తేడా బయటపడితే రెండు నెలలు తిరిగిన మీ ఆదివారాలన్నీ పోయినట్టే. లాయరు అభిప్రాయం ఎలాగూ కావాలి. పార్టీకి, అంటే కొనేవాళ్లకి చూపించేముందు మాత్రం పైపైన ఒక వడపోత మీరే పోయాలి.

మొదట ఓనర్‌ని అడగాల్సింది ఒరిజినల్ దస్తావేజు ఎక్కడుందని. ‘ఇంట్లోనే ఉంది, తర్వాత చూపిస్తా’ అంటే జిరాక్స్‌తో సరిపెట్టుకోకండి. ఒరిజినల్ బ్యాంకులో ఉండొచ్చు, ఏదో అవసరానికి ఎవరి దగ్గరో తాకట్టులో ఉండొచ్చు. బ్యాంకులో ఉంటే తప్పేం లేదు, ఇంకా ఎంత బాకీ ఉందో లెటర్ తెప్పించమనండి.

తర్వాత లింకు డాక్యుమెంట్లు. ఇప్పటి ఓనర్‌కి ఎవరు అమ్మారు, ఆ అమ్మినవాళ్లకి ఎలా వచ్చింది అని వెనక్కి వెళ్తూ కనీసం 30 ఏళ్లు చూడండి. గొలుసులో ఒక్క లింకు తెగినా ఆగిపోవాలి. వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో అడగండి. అన్నదమ్ముల సంతకాలే సరిపోతాయనుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకీ కొడుకులతో సమానంగా వాటా ఉంది. పెళ్లయి తెనాలిలో ఉన్న చెల్లెలి సంతకం లేకుండా రిజిస్ట్రేషన్ అయిపోయిన ఇల్లు రేపు కోర్టుకి వెళ్తే, చూపించింది ఎవరని అందరూ మీ వైపే చూస్తారు.

ఇక ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), అంటే ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. కంప్యూటర్ ఎక్కకముందు నాటి లావాదేవీలకి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. వెతికేటప్పుడు ఒక్క డోర్ నంబరుతో ఆగకండి, పాత డోర్ నంబర్లు మారిపోయి ఉంటాయి. పాతదీ కొత్తదీ సర్వే నంబరూ మూడూ కొట్టి చూడండి. పోరంకి, పెనమలూరు, కంకిపాడు, గన్నవరం కృష్ణా జిల్లాలో ఉన్నాయి. 2022లో జిల్లాలు విడిపోయాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా తప్పు ఎంచుకుని ‘ఏ లావాదేవీలూ లేవు’ అని వస్తే సంబరపడిపోయేవాళ్లు ఉన్నారు.

ఈసీ ఎలా చదవాలో ఒక ఉదాహరణ చూడండి. భవానీపురంలో మూడో అంతస్తు ఫ్లాటు. ఈసీలో కింద నుంచి వస్తే స్థలం ఓనర్లకీ బిల్డర్‌కీ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, తర్వాత ఫ్లాటు అమ్మకం, అదే నెలలో బ్యాంకుకి తనఖా. ఆ తర్వాత ఏమీ లేదు. కొత్తవాళ్లు ‘గొడవలేం లేవు, క్లియర్‌గా ఉంది’ అంటారు. కాదు. తనఖా పెట్టిన ఎంట్రీ ఉంది, విడిపించిన ఎంట్రీ లేదు. ఓనర్‌ని అడిగితే ‘ఎప్పుడో కట్టేశామండీ’ అంటారు, నిజంగానే కట్టేసి ఉంటారు కూడా. కానీ తనఖా రద్దు కాగితం రిజిస్టర్ కాలేదు. కొనేవాళ్లు లోన్‌కి వెళ్తే వాళ్ల బ్యాంకు దీన్ని పట్టుకుంటుంది. ఈ సంగతి మీరు మొదటి రోజే చెబితే ఓనర్‌కి పాత బ్యాంకు చుట్టూ తిరగడానికి టైము ఉంటుంది. అగ్రిమెంట్ అయ్యాక బయటపడితే అందరికీ టెన్షన్.

ఈసీలో కనబడనివి కూడా ఉంటాయి. రిజిస్టర్ చేయని అగ్రిమెంట్, చేతిమీద రాసుకున్న అప్పు, వీలునామా, కోర్టు కేసు అందులో ఉండవు. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు ఆస్తి హక్కుకి రుజువులు కావు, వాటిని చూసి తృప్తి పడకండి. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరు ఉంటున్నారో, ఏ హక్కుతో ఉంటున్నారో వెళ్లి చూడాల్సిందే.

22-ఏ జాబితా తప్పకుండా చూడండి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ కింద నిషేధించిన ఆస్తుల్లో ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు (ప్రభుత్వం పేదలకి ఇచ్చినవి), దేవాదాయ, వక్ఫ్ భూములు ఉంటాయి. బెజవాడలో కొండల మీది ఇళ్లు, బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ గట్ల వెంట ఉన్న ఇళ్లు చూపించమని అడిగేవాళ్లు వస్తారు, రేటు తక్కువ కాబట్టి. వాటిల్లో చాలాచోట్ల అనుభవమే తప్ప అమ్ముకునే హక్కు ఉండదు. కొత్తలో వాటి జోలికి వెళ్లకండి.

పొలాలకి ‘మీ భూమి’ సైట్లో అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1-బి (హక్కుల రికార్డు) చూడాలి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు ఉంటుంది, విస్తీర్ణం కూడా కొంత మారి ఉండొచ్చు. దస్తావేజులో ఎకరం ఉండి, ఎల్‌పీఎంలో 96 సెంట్లు కనబడితే రేటు దేనికి కట్టాలో బేరం ముందే తేలాలి.

ఫ్లాట్లకి రెండు లెక్కలు విడిగా రాసుకోండి. చదరపు అడుగులు ఎన్ని, అందులో లోపల వాడుకునేది ఎంత? స్థలంలో అవిభాజ్య వాటా ఎన్ని గజాలు? పాత అపార్ట్‌మెంట్‌లో రెండోదే ముఖ్యం. రేపు పడగొట్టి కట్టాలన్నా, రోడ్డు వెడల్పులో కొంత పోయినా లెక్కలోకి వచ్చేది ఆ గజాలే. ప్లాన్‌లో ఎన్ని అంతస్తులకి అనుమతి ఉందో లెక్కపెట్టి, మెట్లెక్కి పైకి వెళ్లి చూడండి. పెంట్‌హౌస్ అని ముద్దుగా పిలిచేది ప్లాన్‌లో ఉండకపోవచ్చు.

5. రెరా నంబరు తీసుకోండి

2016 రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ప్రకారం రిజిస్టర్ అయిన ప్రాజెక్టులో ఫ్లాటు గానీ ప్లాటు గానీ అమ్మిపెట్టాలంటే ఏజెంటుకి రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. పార్ట్‌టైమ్ అయినా, ఒక్క ఫ్లాటే అయినా మినహాయింపు లేదు. లేకుండా చేస్తే రోజుకి 10,000 రూపాయల చొప్పున, ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా పడొచ్చు. మీకొచ్చే కమీషన్ కంటే అది ఎన్ని రెట్లో మీరే లెక్కేసుకోండి.

ఏపీ రెరా వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేయొచ్చు. వ్యక్తిగతంగా తీసుకుంటే పాన్, ఆధార్, ఫోటో, చిరునామా రుజువు, ఆదాయపన్ను రిటర్నులు దగ్గర పెట్టుకోండి. నంబరు వచ్చాక మీరు చేసే ప్రతి అమ్మకం కాగితంలో అది ఉండాలి, లెక్కల పుస్తకం కూడా పెట్టాలి. ఎవరో ఇరవై ఏళ్ల క్రితం కట్టుకున్న సొంతిల్లు అమ్మిపెట్టడం వేరు, దానికి ఈ చట్టం రాదు. కానీ ఆ ఒక్క రకంతోనే ఎన్నాళ్లు నడుపుతారు?

చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటినా, 8 ఫ్లాట్లు దాటినా ప్రాజెక్టుని రెరాలో రిజిస్టర్ చేయాలి. చేయకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. కాబట్టి ‘ప్రీలాంచ్ ఆఫర్, ఈ నెలాఖరు దాకానే ఈ రేటు’ అని మీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం కూడా తప్పే అవుతుంది. రిజిస్టర్ అయిన ప్రాజెక్టులో కూడా అమ్మకపు అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా బిల్డర్ 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. మీ పార్టీకి ఈ ఒక్క ముక్క చెప్పండి, బిల్డర్‌కి కొంచెం కోపం వచ్చినా పర్వాలేదు.

వెంచర్ల విషయంలో ‘పంచాయతీ అప్రూవల్ ఉంది’ అనే మాట వినబడితే చెవులు నిక్కించండి. పంచాయతీ తనంతట తానుగా లేఅవుట్‌కి అనుమతి ఇవ్వలేదు. సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలో అయితే ఆ సంస్థ లేఅవుట్‌కి ఇచ్చిన ఎల్‌పీ నంబరు అడగండి, ఆ ప్లాన్‌లో మీరు చూపించే ప్లాటు నంబరు ఉందో లేదో వేలు పెట్టి చూడండి. పార్కు అని వదిలిన బిట్టుని ప్లాటు చేసి అమ్మడం కొత్త విషయం కాదు.

6. అమరావతి కొంత కాలం ఆగనివ్వండి

మన దగ్గర రియల్ ఎస్టేట్ అనగానే అమరావతి గుర్తొస్తుంది. 29 గ్రామాల్లో రైతులు భూ సమీకరణలో భూములిచ్చి, ఎకరాకి మెట్ట అయితే 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబు (నీటి వసతి ఉన్న సారవంతమైన భూమి) అయితే 1,000కి 450 చొప్పున తిరిగి పొందారు. ఆ ప్లాట్ల బేరాలు బాగానే నడుస్తాయి. కానీ అక్కడ రేటు రాజకీయాల మీద ఆధారపడుతుంది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు ఏం జరిగిందో, 2025 మేలో పనులు మళ్లీ మొదలైనప్పుడు ఏం జరిగిందో చూశాం. పైగా ఒక్కో ప్లాటుకి కోడ్, జోన్, పక్కన వచ్చే రోడ్డు, రైతు ఇచ్చిన భూమి పట్టాదా అసైన్డ్‌దా అన్నవి వేరువేరు. తుళ్లూరులోనే ఉంటూ పొద్దస్తమానం ఇదే చేసే వాళ్ల ముందు ఆదివారం ఒక్కరోజు వెళ్లే మీరు నిలబడలేరు. అక్కడి పార్టీ మీకు దొరికితే అక్కడి మనిషికి అప్పగించి వాటా మాట్లాడుకోండి.

7. కమీషన్ మాట ఇల్లు చూపించకముందే

కొత్తవాళ్లందరూ తడబడేది ఇక్కడే. తెలిసినవాళ్లని ఎలా అడుగుతాం అనుకుంటారు, అయిపోయాక వాళ్లే ఇస్తారులే అనుకుంటారు. అయిపోయాక ఎవరికీ గుర్తుండదు. అమ్మేవాళ్ల దగ్గరా కొనేవాళ్ల దగ్గరా నూటికి ఒకటి చొప్పున, ఒక్కోచోట ఒక పక్క నుంచే నూటికి రెండు అని మాట్లాడుకుంటారు. ఎంతైనా ముందే తేల్చి, ఇలా ఒక మెసేజ్ పెట్టండి:

‘నమస్కారం అండీ. భవానీపురంలో మీ ఫ్లాటు అమ్మకం విషయం. నేను తెచ్చిన పార్టీతో రిజిస్ట్రేషన్ అయితే, అమ్మిన ధర మీద నూటికి ఒకటి చొప్పున అదే రోజు బ్యాంకులో వేస్తామన్నారు. సరేనని ఒక్క మాట పెట్టండి.’

దానికి ‘ఓకే’ అని జవాబు వస్తే చాలు. అగ్రిమెంట్‌లో ఎవరెవరికి ఎంత ఇవ్వాలో రాయిస్తే ఇంకా మంచిది.

ఇద్దరు ముగ్గురు మధ్యవర్తులు చేరితే వాటాలు కూడా ముందే. 60 లక్షల ఫ్లాటుకి ఒక పక్క నూటికి ఒకటి అంటే 60,000. అవతలి ఏజెంటుతో చెరి సగం అంటే 30,000. పెట్రోలు, ఫోన్లు, రిజిస్ట్రేషన్ రోజు పెట్టిన సెలవు అందులోంచే పోవాలి. ఇది తెలిస్తే ‘నెలకి లక్ష’ అని చెప్పే మీటింగుల మీద మీకే నవ్వొస్తుంది.

కమీషన్ నగదుగా వద్దు, బ్యాంకులోనే తీసుకోండి. రిటర్నులో చూపించండి. కంపెనీలు ఇస్తే టీడీఎస్ (ముందే కోసే ఆదాయపన్ను) పట్టుకుని ఇస్తాయి, అది రిటర్నులో తిరిగి లెక్కలోకి వస్తుంది.

8. ఆదివారాన్ని సరిగ్గా వాడుకోండి

ఉద్యోగస్తులైన మీకూ, కొనేవాళ్లకీ కుదిరేది ఆదివారమే. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. మీకు నమ్మకం లేకపోవచ్చు, కానీ ఆ టైములో ఇల్లు చూడడానికి రమ్మంటే ‘చూద్దాంలెండి’ అని తప్పించుకునేవాళ్లు చాలామంది. ఉదయం తొమ్మిది నుంచి పన్నెండున్నర లోపు చూపించేయండి. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఎండకి పదకొండు దాటితే ఇల్లు ఎంత బాగున్నా పైఅంతస్తు నచ్చదు.

ఒక్క పూటలో మూడిటికి మించి చూపించకండి, కలగాపులగం అయిపోతుంది. వెళ్లేముందు ఓనర్‌కి ఫోన్ చేసి, తాళం ఉందో, అద్దెకి ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటారో కనుక్కోండి. వాస్తు గురించి మీరేమీ తీర్పు చెప్పకండి. దిక్సూచి చూపించి ముఖద్వారం ఎటుందో చెప్పండి, వీధిపోటు ఉంటే దాచకుండా చూపించండి. మిగతాది వాళ్ల సిద్ధాంతి చూసుకుంటాడు. ఇంట్లో లోపాలు మీ నోటితోనే ముందు రావాలి. వంటింట్లో చెమ్మ ఉందని మీరే చెబితే ధరలో పది వేలు తగ్గుతాయి, వాళ్లు కనిపెడితే మనిషి మీదే నమ్మకం పోతుంది.

ఆషాఢంలోనూ మూఢంలోనూ బేరాలు మందగిస్తాయి. ఆ రోజుల్లో కొనమని వెంటపడకుండా కొత్త ఇళ్ల వివరాలు సేకరించుకోండి. శ్రావణం రాగానే ఫోన్లు వాటంతట అవే మోగుతాయి.

9. సిట్టింగ్, అడ్వాన్స్

ధర దగ్గర ఇద్దర్నీ నేరుగా ఎదురెదురుగా కూర్చోబెట్టకండి, ముందు విడివిడిగా మాట్లాడండి. అమ్మేవాళ్లు 62 అంటున్నారు, కొనేవాళ్లు 56 దగ్గర ఆగారు అనుకోండి. అమ్మడానికి అసలు కారణం ఏమిటి? కూతురి ఫీజు జూన్‌లో కట్టాలా? అయితే వాళ్లకి ధర కంటే తేదీ ముఖ్యం. కొనేవాళ్లకి లోన్ మంజూరవడానికి ఎన్ని రోజులు పడుతుంది? రెండు ఏసీలూ, వంటింటి కప్‌బోర్డులూ వదిలేస్తారా? ఇవన్నీ కూడితే ఆరు లక్షల తేడా ఒకటిన్నరకి దిగుతుంది. అప్పుడు సిట్టింగ్ పెట్టండి, ఇద్దరికీ మర్యాద మిగిలేలా చివరి ముక్క ఇంట్లో పెద్దవాళ్ల నోట పలికించండి.

అడ్వాన్స్ డబ్బు ఎట్టి పరిస్థితుల్లోనూ మీ అకౌంట్‌లోకి రానివ్వకండి. కొనేవాళ్ల నుంచి అమ్మేవాళ్లకి నేరుగా వెళ్లాలి. ఆస్తి లావాదేవీలో 20,000 రూపాయలు లేదా అంతకంటే ఎక్కువ నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టానికి విరుద్ధం. టోకెన్ ఇచ్చిన రోజే గడువు, లోన్ రాకపోతే అడ్వాన్స్ ఏమవుతుంది, ఇల్లు ఎప్పుడు ఖాళీ చేస్తారు అనే మూడూ రాయించండి.

అమ్మేవాళ్లు విదేశాల్లో ఉండి పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించినదా, ఇక్కడికి వచ్చాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించారా అని చూడండి. ఇచ్చిన మనిషితో వీడియో కాల్‌లో ఒకసారి మాట్లాడండి. ఆ మనిషి చనిపోతే ఆ కాగితానికి మామూలుగా విలువ ఉండదు.

10. రిజిస్ట్రేషన్ రోజు

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఆదివారం తెరవరు. సెలవు మీరే పెట్టుకోవాలి, ముందు స్లాట్ చూసుకుని, తర్వాత సెలవు చీటీ రాయండి. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం ఏడున్నర. 60 లక్షల మీద నాలుగున్నర లక్షలు. ఈ ఖర్చు కొనేవాళ్లకి మొదటి రోజే చెప్పాలి, లేకపోతే ఆఖర్లో ధర తగ్గించమంటారు. ధర 50 లక్షలు లేదా అంతకు మించితే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ పట్టి కట్టాలి, ఆ టీడీఎస్ సర్టిఫికెట్ అమ్మేవాళ్లకి ఇవ్వాలి. అమ్మేవాళ్లు ఎన్‌ఆర్‌ఐ అయితే ఈ లెక్క వర్తించదు, వాళ్లకి టీడీఎస్ చాలా ఎక్కువ, ముందే ఆడిటర్‌ని కలవమనండి.

ముందు రోజు రాత్రి దస్తావేజు డ్రాఫ్ట్ తెప్పించుకుని మీరే చదవండి. హద్దులు నాలుగూ, ఇంటిపేర్ల అక్షరాలు, ఆధార్‌లో ఉన్న పేరు, ఫ్లాటు నంబరు, గజాలు. ‘వెంకట’ ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే అప్పుడే దిద్దించాలి, రిజిస్టర్ అయ్యాక సవరణ దస్తావేజు అంటే మళ్లీ ఇద్దరూ రావాలి. సాక్షులు ఇద్దరు ఎవరో ముందు రోజే ఖాయం చేసుకోండి, వాళ్ల ఆధార్ తెచ్చుకోమనండి.

అయిపోయాక రెండు మూడు వారాలకి కొనేవాళ్లకి ఫోన్ చేసి, ఇంటిపన్ను పేరు మారిందా, కరెంటు మీటరు పేరు మార్చుకున్నారా, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో బాకీలు ఏమైనా బయటపడ్డాయా అని అడగండి. కరెంటు ఆఫీసులో ఏ కాగితాలు అడుగుతారో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, వాళ్లకి అది కొత్త. ఆ ఫోన్ చివర్లోనే చాలాసార్లు ‘మా తోడల్లుడు కూడా చూస్తున్నాడండీ, మీ నంబరు ఇవ్వనా’ అంటారు.